అంత్యక్రియలతో మొదలయ్యే కథ

ఆల్బమ్ పెట్టగానే పాట రాదు. ఎవరో గంభీరంగా మాట్లాడుతుంటారు. సంగతి అర్థం కావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. అక్కడ ఒక పసిపిల్లను పాతిపెడుతున్నారు. పేరు అబిగేల్. ఆ పిల్ల మళ్లీ లేవకుండా శవపేటికలోనే బిగించేయడానికి ఏడు వెండి మేకులు సిద్ధం చేశారు. చేతులకు, అరచేతులకు, మోకాళ్లకు రెండేసి, ఆఖరిది నోటికి. మొదటి మేకు ఎవరు దిగ్గొడతారని అడిగితే, నల్లగుర్రపు రౌతుల్లో ఒకడు ముందుకొస్తాడు. ఇదంతా ఒకటిన్నర నిమిషం. ఆ తర్వాతే గిటార్లు.

డెన్మార్క్ గాయకుడు కింగ్ డైమండ్ 1987లో తెచ్చిన ‘అబిగేల్’ ఆల్బమ్ ఇలా మొదలవుతుంది. దీన్ని హారర్ హెవీ మెటల్ కాన్సెప్ట్ ఆల్బమ్ అంటారు. పేరు కాస్త పొడుగు, అందుకని విడదీసి చూద్దాం. హెవీ మెటల్ అంటే గిటార్ శబ్దాన్ని కావాలని బొంగురుగా చేసి, బరువైన డ్రమ్స్‌తో కలిపి వాయించే రాక్ సంగీతం. ఆ బొంగురుదనాన్ని డిస్టార్షన్ (తీగ నాదం చీలి, గరగరలాడేలా చేయడం) అంటారు. కాన్సెప్ట్ ఆల్బమ్ అంటే పాటలన్నీ ఒకే కథను, లేదా ఒకే ఆలోచనను పట్టుకుని నడిచే ఆల్బమ్. ఇంగ్లండ్ బృందం ది హూ 1969లో ‘టామీ’, పింక్ ఫ్లాయిడ్ 1979లో ‘ది వాల్’ ఈ పద్ధతిలోనే చేశాయి. హారర్ సంగతి మనకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు దీని గురించి ఎందుకంటే, ఈ రకం సంగీతం మూలన కూర్చునే రోజులు పోయాయి. ముఖానికి రంగులు, మాస్కులు వేసుకుని చర్చి మతాధికారి వేషంలో పాడే స్వీడన్ బృందం ఘోస్ట్‌కు 2016లో మెటల్ విభాగంలో గ్రామీ వచ్చింది. 2025లో వాళ్ల ‘స్కెలెటా’ ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. వాళ్లు నడుస్తున్న దారి వేసినవాళ్లలో కింగ్ డైమండ్ ముందుంటాడు. ‘అబిగేల్’ వచ్చినప్పుడు అదే పట్టికలో 123వ స్థానం దాటలేదు. పిల్లల గదిలోంచి ఇలాంటి సంగీతం వినిపిస్తే తలుపు కొట్టే పెద్దవాళ్లకు అందులో ఏముందో తెలిస్తే మంచిదే. కొట్టాలో వద్దో తర్వాత తేల్చుకోవచ్చు.

ముందు ఒక ప్రశ్న. సినిమాలో దయ్యాన్ని చూపించవచ్చు. పాటలో చూపించడానికేమీ లేదు. మరి శబ్దంతో భయం ఎలా పుడుతుంది?

దీనికి జవాబు వెతకడానికి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వెళ్లాలి. అది ఫ్యాక్టరీల ఊరు. టోనీ ఐయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గిటారిస్టుగా స్థిరపడదామని ఉద్యోగం మానేస్తున్న చివరి రోజున యంత్రంలో పడి అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం వాడు. అంటే తీగలను నొక్కిపట్టేది ఆ కుడి చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గాలని సన్నటి తీగలు కట్టాడు. కొన్నాళ్లకు తీగల బిగువు తగ్గించి శ్రుతి దించాడు. శ్రుతి దిగితే నాదం లోతుగా, బరువుగా, నేలలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మెటల్ సంగీతానికి పేరు తెచ్చిన ఆ బరువు వెనుక ఒక ఫ్యాక్టరీ ప్రమాదం కూడా ఉంది.

అతని బృందం రిహార్సల్ చేసుకునే చోటికి ఎదురుగా సినిమా హాలు ఉండేది. హారర్ సినిమాకు జనం వరసకట్టడం చూసి, డబ్బిచ్చి మరీ భయపడడానికి వస్తున్నారే, భయపెట్టే సంగీతం మనమెందుకు చేయకూడదు అనుకున్నారట. ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన సినిమా పేరునే తమ బృందానికి పెట్టుకున్నారు: బ్లాక్ సబాత్. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. మొదటి పాటలో వాన, చర్చి గంట, ఆ తర్వాత మూడే మూడు స్వరాల రిఫ్ (మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న గిటార్ వరస).

ఆ మూడు స్వరాలు మన లెక్కలో ఏమిటో చూడండి. మంద్రంలో షడ్జమం, దాని పై షడ్జమం, అక్కడినుంచి కిందికి దిగి ప్రతి మధ్యమం. అంతే. షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న దూరాన్ని పాశ్చాత్యులు ట్రైటోన్ (మూడు పూర్తి స్వరాల దూరం) అంటారు. దానికి సైతాను స్వరమనే ముద్ర కూడా ఉంది. మన దగ్గర అదే ప్రతి మధ్యమం కల్యాణి రాగానికి ప్రాణం. త్యాగరాజు ‘నిధి చాల సుఖమా’ అని రాముణ్ణి తలచింది ఆ రాగంలోనే. కల్యాణి విని ఉలిక్కిపడిన వాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఇంకొకటి. మెటల్ వాళ్లకు బాగా ఇష్టమైన మరో ఎత్తు, షడ్జమాన్ని ఆనుకుని ఉండే శుద్ధ రిషభం. స, రి, స, రి అని ఆ రెంటినీ రాపిడి పెడితే తలుపు వెనక ఎవరో ఉన్నట్టుంటుంది. అదే శుద్ధ రిషభం ఉన్న మాయామాళవగౌళను మనం పిల్లలకు మొదటి పాఠంగా పెడతాం. సరళీ స్వరాలు అందులోనే మొదలవుతాయి.

కాబట్టి భయం ఆ స్వరంలో లేదు. కల్యాణిలో ప్రతి మధ్యమం గమకంతో ఊగి పంచమం దగ్గరికి చేరుతుంది. దానికి ఇల్లుంది. బ్లాక్ సబాత్ పాటలో అది పంచమానికి వెళ్లదు. అక్కడే వణుకుతూ నిలబడుతుంది. చెవి తర్వాతి మెట్టు కోసం చూస్తుంది, మెట్టు రాదు. రాకపోవడమే భయం. కింగ్ డైమండ్ ఇదే సూత్రాన్ని స్వరం స్థాయినుంచి కథ స్థాయికి తీసుకెళ్లాడు.

అతని అసలు పేరు కిమ్ బెండిక్స్ పీటర్సన్. 1956లో పుట్టాడు. తెలుపు, నలుపు రంగులు ముఖానికి పూసుకుని, ఎముకలను శిలువలా కట్టిన మైక్ పట్టుకుని పాడతాడు. ముందు మెర్సీఫుల్ ఫేట్ అనే బృందంలో ఉన్నాడు. 1983, 1984లలో వాళ్ల రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. వాటిలో సైతాను ప్రస్తావనలు నేరుగానే ఉండేవి. 1985లో అమెరికాలో రాజకీయ నాయకుల భార్యలు కొందరు పాటల్లోని బూతు, హింసల మీద ఉద్యమం నడిపి, అభ్యంతరకరమైన 15 పాటల జాబితా తయారు చేస్తే, అందులో మెర్సీఫుల్ ఫేట్ పాట ఒకటి ఉంది. క్షుద్రం కోటాలో. ఆ ఏడాదే బృందం విడిపోయింది. గిటారిస్టు మైకేల్ డెనర్, బేస్ వాయించే టిమీ హాన్సెన్ కింగ్ డైమండ్‌తోనే వచ్చారు. స్వీడన్ నుంచి గిటారిస్టు ఆండీ లారాక్, డ్రమ్మర్ మిక్కీ డీ చేరారు. ఈ మిక్కీ డీ తర్వాత మోటర్‌హెడ్ బృందంలో చాలా ఏళ్లు వాయించాడు. కొత్త బృందానికి గాయకుడి పేరే పెట్టారు. ‘అబిగేల్’ వాళ్ల రెండో ఆల్బమ్.

కొత్త బృందంతో ఒక మార్పు వచ్చింది. సైతాను వెనక్కి తగ్గాడు, ఇల్లు ముందుకొచ్చింది. ‘అబిగేల్’ నిజానికి పాతకాలపు యూరప్ బంగళా కథ. 1764లో హొరేస్ వాల్పోల్ ‘ది క్యాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవల రాసినప్పటి నుంచి ఆ కథలకు ఒక ముడిసరుకు ఉంది: వారసత్వంగా వచ్చిన భవనం, తాతలు చేసిన పాపం, దాన్ని మనవలు మోయడం.

కథ ఇదీ. 1845లో జొనాథన్ లాఫే, అతని భార్య మిరియమ్, ఒక వానరాత్రి గుర్రపు బండిలో తమకు సంక్రమించిన భవంతికి వస్తారు. దారిలో ఏడుగురు నల్లగుర్రపు రౌతులు ఎదురై వెనక్కి పొమ్మంటారు. జొనాథన్ నవ్వేసి ముందుకు సాగుతాడు. ఆ రాత్రి పూర్వీకుడైన కౌంట్ లాఫే దయ్యమై కనిపించి అతణ్ణి నేలమాళిగలోకి తీసుకెళ్తాడు. అక్కడ రాతిపెట్టెలో పసిపిల్ల శవం. 1777 జులై 7న కౌంట్ తన భార్య కడుపులో ఉన్నది పరాయివాడి బిడ్డ అని తెలిసి ఆమెను మెట్ల మీంచి తోసేశాడు. ఆమె చనిపోయింది, బిడ్డ చచ్చి పుట్టింది. ఆ బిడ్డే అబిగేల్. ఇప్పుడామె మిరియమ్ కడుపులో మళ్లీ పుట్టబోతోంది, ఆపాలంటే మిరియమ్‌ను చంపాల్సిందేనని కౌంట్ చెబుతాడు. జొనాథన్ నమ్మడు. శకునాలు మొదలవుతాయి. భోజనాల బల్ల మీద ముగ్గురికి వడ్డన సిద్ధమై ఉంటుంది, ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఎవరూ తేని ఉయ్యాల ప్రత్యక్షమవుతుంది. మిరియమ్ కడుపు గంటల్లో పెరుగుతుంది. చివరికి జొనాథన్ నమ్మి, ఆమెను మెట్ల దగ్గరికి రప్పిస్తాడు. ఒక్క క్షణం ఏమరుపాటు. పడేది అతనే. మిరియమ్ ప్రసవంలో చనిపోతుంది. రౌతులు వచ్చి పిల్లను ఎత్తుకుపోతారు.

ఎక్కడికి? మేకుల దగ్గరికి.

అంటే ఆల్బమ్ మొదటి ముక్కలో మనం విన్నది కథ చివర. నేపథ్యం చెబుతున్నారనుకుని విన్నాం. ఇందులో పనిచేసే యంత్రాంగం ఇదే. జొనాథన్ దంపతులు బండి దిగేటప్పటికే వాళ్ల కథ ముగిసిందని శ్రోతకు తెలుసు, వాళ్లకు తెలియదు. ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంటే పుట్టే ఉలికిపాటు ఒక్కసారే పనిచేస్తుంది. పాటల ఆల్బమ్ వందసార్లు వినడానికి చేసేది. వందోసారి కూడా పనిచేసే భయం ఒక్కటే: జరగబోయేది తెలిసి ఆపలేకపోవడం. పంచమానికి చేరని మధ్యమం లాగే.

మెట్ల సంగతీ గమనించాలి. 1777లో వాటి మీంచి భార్య పడింది. 68 ఏళ్ల తర్వాత భర్త పడ్డాడు. కథలో మేకులు ఏడు, రౌతులు ఏడుగురు, తారీఖు ఏడో నెల ఏడో రోజు. రిఫ్ తిరిగొచ్చినట్టే అంకెలూ, మెట్లూ తిరిగొస్తాయి. పాత ఎల్పీ రికార్డులో మొదటి వైపు 1777 నాటి పాటతో ఆగుతుంది. గతం బయటపడుతుంది, శ్రోత లేచి రికార్డు తిప్పాలి, అవతలి వైపు శకునాలు మొదలవుతాయి. మొత్తం నడక 40 నిమిషాలు.

ఇక గొంతు. కొత్తగా వినేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. కింగ్ డైమండ్ ఎక్కువగా వాడేది ఫాల్సెట్టో (మన పాటగాళ్లు దొంగగొంతు అనేది). అది మామూలు దొంగగొంతు కూడా కాదు, ఒక్కసారిగా పైకి లేచి చెవిని గీరుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, దాచడం ఎందుకు. రెండోసారి మాటలు ముందు పెట్టుకుని విన్నాక ఆ గొంతు ఎందుకలా ఉందో తెలిసింది.

ఈ కథలో అరడజను మంది ఉన్నారు. అందరినీ అతనొక్కడే పాడతాడు. హరికథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. దాసుగారు ఇటు తిరిగితే సీత, అటు తిరిగితే రావణుడు. కానీ దాసుగారికి ఒళ్లుంది, చూపుంది, చేతిలో చిడతలున్నాయి. రికార్డులో గొంతు తప్ప ఏదీ లేదు. అందుకని కథ చెప్పేవాడికి మధ్య స్థాయి, దయ్యానికి గుర్రుమనే కింది స్థాయి, మిరియమ్‌కు పై స్థాయి కేటాయించాడు. ఒకే వాక్యంలో రెండు మూడు స్థాయిలు మారతాడు. దాని మీద ఓవర్‌డబ్బింగ్ (పాడిన గొంతు మీదే మరోసారి పాడి అతికించడం) చేసి గొంతులను పొరలుపొరలుగా పేర్చాడు.

ఆల్బమ్ పేరే ఉన్న పాటలో మిరియమ్, అబిగేల్ ఒకే నోటితో మాట్లాడతారు. అక్కడ దొంగగొంతు చేసే పని తేటపడుతుంది. ఒంట్లోది కాని గొంతు ఒంట్లోంచి వస్తోంది. మన ఊళ్లలో పూనకం వచ్చిందని ముందుగా తెలిసేది గొంతు మారడంతోనే. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం చెప్పే స్త్రీ పచ్చికుండ మీద నిలబడి మాట్లాడితే జనం దాన్ని అమ్మవారి గొంతుగా చేతులు జోడించి వింటారు. అక్కడ భక్తి కలిగించే గుర్తే ఇక్కడ భయం కలిగిస్తుంది. చెవి పట్టుకునేది మాత్రం ఒకే సంగతి: మాట్లాడుతున్నది ఆ మనిషి కాదు.

గిటార్ల పని గురించి రెండు మాటలు. డెనర్, లారాక్‌ల గిటార్లు గొంతు వెనక నీడలా వంత పాడవు, కథలో పాత్రల్లా మాటకు మాట అందిస్తాయి. వేగం పెరిగి, ఒక్కసారిగా తగ్గి, మళ్లీ దారి మారుతుంది. పల్లవి, చరణం, పల్లవి అనే లెక్కకు ఈ పాటలు లొంగవు, ఎందుకంటే కథ వెనక్కి రాదు. దాదాపు ఎనిమిది నిమిషాల చివరి పాట మెత్తగా, డిస్టార్షన్ లేని గిటార్‌తో మొదలవుతుంది. అంత గోల తర్వాత ఆ నెమ్మది చూసి ఊరట కలగాలి. కలగదు.

ఇంతకీ కథ గొప్పదా అంటే, కాదు. జొనాథన్ మందమతి. హెచ్చరికలు వరసకట్టి వచ్చినా కదలడు. నాకు మరింత ఇబ్బంది కలిగించేది కౌంట్. భార్యను మెట్ల మీంచి తోసింది అతను. మళ్లీ దయ్యమై వచ్చి చెప్పే విరుగుడు కూడా అదే: నీ భార్యనూ తోసెయ్. కథ ఈ హంతకుణ్ణి ఒక్క ప్రశ్నా అడగదు. అతని మాటే నిజమవుతుంది కూడా. చచ్చేది ఆడవాళ్లు, రాక్షసి పుట్టేది ఆడవాళ్ల కడుపున, మేకులు దిగేది ఆడపిల్ల ఒంట్లో. అబిగేల్ చేసిన తప్పేమిటని వెతికితే, పుట్టకముందే చంపబడడం ఒక్కటే కనిపిస్తుంది. 2002లో కింగ్ డైమండ్ దీనికి రెండో భాగం చేసి, ఆమెకు పగ తీర్చుకునే అవకాశమిచ్చాడు. దాని పేరులోనే పగ ఉంది.

‘అబిగేల్’ తర్వాత ఈ పద్ధతి నిలదొక్కుకుంది. మరుసటి ఏడాదే కింగ్ డైమండ్ ఒక అమ్మమ్మ ఇంటి చుట్టూ ‘దెమ్’ అనే మరో కథ అల్లాడు. అదే 1988లో ఇంగ్లండ్ బృందం ఐరన్ మెయిడెన్ ‘సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్’, అమెరికా బృందం క్వీన్స్‌రైక్ ‘ఆపరేషన్: మైండ్‌క్రైమ్’ తెచ్చాయి. రెండూ కాన్సెప్ట్ ఆల్బమ్‌లే. పదేళ్లకు, 1998లో, ఇంగ్లండ్‌కే చెందిన క్రెడిల్ ఆఫ్ ఫిల్త్ హంగరీ ప్రభువంశీకురాలు ఎలిజబెత్ బాతొరీ మీద ఒక ఆల్బమ్ మొత్తం నడిపింది. ఆ ఏడాదే మెటాలికా బృందం మెర్సీఫుల్ ఫేట్ పాటలను కలిపి పదకొండు నిమిషాల పైచిలుకు మాలికగా వాయించి గురుదక్షిణ చెల్లించుకుంది.

కింగ్ డైమండ్‌కు 2010లో గుండెకు మూడు బైపాస్‌ల ఆపరేషన్ జరిగింది. కోలుకుని మళ్లీ వేదికెక్కాడు. 2015 నాటి పర్యటనలో ‘అబిగేల్’ను మొదటి నుంచి చివరి వరకు, వరస తప్పకుండా, మెట్లున్న భవంతి సెట్టు మధ్య పాడాడు.

ఆ వరసే ఇప్పుడు చిక్కుల్లో ఉంది. ఫోన్‌లో పాటలు వినే యాప్‌లు ఆల్బమ్‌ను విడదీసి, షఫుల్ చేసి, ఒక్కో పాటగా వినిపిస్తాయి. మామూలు ఆల్బమ్‌కు దానివల్ల నష్టం తక్కువ. ఇక్కడ జొనాథన్ మెట్ల మీంచి పడ్డాక బండి దిగితే కథే ఉండదు. అంత్యక్రియల ముక్కనైతే చాలామంది పాట కాదని దాటేస్తారు. దాటేస్తే మిగతా 38 నిమిషాలు మామూలు దయ్యం కథ.

వినదలచుకుంటే షఫుల్ ఆపి, రిపీట్ పెట్టండి. చందమామలో బేతాళుడు కథ ముగించి మళ్లీ చెట్టెక్కేవాడు, గుర్తుంది కదా. చివరి పాటలో రౌతులు పిల్లను తీసుకుని అడవిలోని ప్రార్థనామందిరానికి బయల్దేరుతారు. కొద్ది క్షణాల నిశ్శబ్దం. ఆ వెంటనే మొదటి ముక్క వస్తుంది, అదే గంభీరమైన గొంతు, అదే పెట్టె, మొదటి మేకు ఎవరు కొడతారని అదే ప్రశ్న. ఈసారి ముందుకొచ్చినవాడు ఎవరో మీకు తెలుసు. దారిలో వెనక్కి పొమ్మన్నవాళ్లలో ఒకడు.